క్లాసికల్ గ్యాస్ దగ్గర ఆగిపోయాను, తర్వాత ఏ పీస్ ఎత్తుకోవాలి?

సగంపాటలు
ఫింగర్‌స్టైల్ (బేస్, మెలొడీ రెండూ వేళ్లతోనే మీటే పద్ధతి) మొదలుపెట్టి ఐదేళ్లయింది. స్టీల్ తీగల గిటారు. మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా వాయించగలిగినవి 'డస్ట్ ఇన్ ద విండ్', 'బ్లాక్‌బర్డ్', 'ఫ్రైట్ ట్రైన్', ఇంకో రెండు మూడు నెమ్మది పాటలు. ఈసారి నిజంగా కష్టమైంది ఒకటి నేర్చుకుందామని మేసన్ విలియమ్స్ 'క్లాసికల్ గ్యాస్' ఎత్తుకున్నాను. నాలుగు నెలలు గడిచాయి. అసలు వేగంలో అరవై శాతం దాటగానే రెండు చేతులూ చెరో దారి పడుతున్నాయి.

మధ్యలో విసుగొచ్చి ఆండీ మెక్‌కీ 'డ్రిఫ్టింగ్' మొదలుపెట్టాను, అది రెండు వారాలు నడిచింది. తర్వాత టామీ ఇమ్మాన్యుయెల్ వాయించే 'ఓవర్ ద రెయిన్‌బో' ముందు భాగం, అది మూడు రోజులు. నిన్న కూర్చుని లెక్కపెడితే ఇలా సగంలో వదిలేసినవి పదకొండు తేలాయి. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

కష్టంగా ఉండాలి, కానీ నా తలకు మించినది కాకూడదు. అలాంటి పీస్‌ను ఎలా ఎంచుకుంటారు? పేర్లు చెప్పినా సరే, పద్ధతి చెప్పినా సరే.

డాడ్‌గాడ్ పిచ్చోడు
పద్ధతీ లేదు, ఏమీ లేదు బ్రో. ఏది వింటే రాత్రి నిద్ర పట్టదో అది వాయించు. నేను గిటారు పట్టిన ఏడాదికే 'డ్రిఫ్టింగ్' నేర్చుకున్నా. అందరూ వద్దన్నారు. ఇష్టం ఉంటే చేతులు అవే దారికొస్తాయి.

ముసలి కాపో
పిచ్చోడా, నువ్వు చెప్పింది నీ విషయంలో నిజమే. కానీ 'డ్రిఫ్టింగ్' ఎందుకొచ్చిందో కూడా చెప్పు. అందులో తీగలు మీటేది తక్కువ, ఫ్రెట్ల (మెడ మీది లోహపు కడ్డీల) మీద కొట్టేది, చెక్క మీద తట్టేది ఎక్కువ. ఎడమచెయ్యి మెడ పైనుంచి రావాలి, ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో గుర్తుండాలి. అది ఒకరకంగా డ్యాన్సు స్టెప్పుల్లాంటిది. స్టెప్పులు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. బొటనవేలు ఒక తాళం నడుపుతుంటే మిగతా వేళ్లు ఇంకో పాట పాడే పని అందులో దాదాపు లేదు. 2006లో మెక్‌కీ దాన్ని వాయించిన వీడియో వచ్చాక దాన్ని చూసి గిటారు పట్టినవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లలో చాలామందికి 'ఫ్రైట్ ట్రైన్' రాదు. చిన్నతనం చేసి అనడం లేదు, అది వేరే విద్య, అంతే.

సగంపాటలు, నీ పోస్టులో నాకు కనబడింది ఒకటే. కష్టం అంటే ఒకటే కొలబద్ద ఉన్నట్టు, దాని మీద మెట్లు ఎక్కాలన్నట్టు ఆలోచిస్తున్నావు. నువ్వు వదిలేసిన మూడూ తీసుకో. 'క్లాసికల్ గ్యాస్'లో వేగం, మధ్యలో తాళం మారడం. 'డ్రిఫ్టింగ్'లో శ్రుతి వేరు, రెండు చేతుల పనీ వేరు. 'రెయిన్‌బో'లో హార్ప్ హార్మోనిక్స్, అంటే గంటలాంటి స్వరాలు, మామూలు స్వరాలు మార్చి మార్చి మీటడం. ఈ మూడింట్లో ఒకదానికోసం పడ్డ కష్టం ఇంకోదానికి కాణీ పనికిరాదు. అందుకే నాలుగు నెలలు కష్టపడ్డా ఎక్కడి గొంగళి అక్కడే అనిపిస్తోంది.

సగంపాటలు
ముసలి కాపో గారూ, ఇది నాకు తట్టనే లేదు. అయితే ముందు ఏ కష్టం పట్టుకోవాలి?

బొటనవేలు బాబాయ్
దానికి ముందు ఒక ప్రశ్న. 'క్లాసికల్ గ్యాస్'లో ఎక్కడ ఆగుతున్నావు? "వేగం రావడం లేదు" అని చెప్పకు. ఏ బార్‌లో (ఏ తాళం ఆవర్తంలో), ఏ వేలు?

సగంపాటలు
ఇందాకే ఫోన్‌లో రికార్డు చేసి విన్నాను బాబాయ్ గారూ. మెలొడీ బీట్ మీద పడినంతసేపూ బాగానే ఉంది. బీట్ల మధ్యలో పడగానే బొటనవేలు కూడా దాని వెంటే వెళ్లిపోతోంది. బేస్ కొట్టాల్సిన చోట కొట్టకుండా అర బీటు ముందో వెనకో కొడుతోంది. నెమ్మదిగా వాయించేటప్పుడు సర్దుకుంటున్నాను కాబట్టి తెలియడం లేదు.

బొటనవేలు బాబాయ్
దొరికాడు దొంగ. నీకు వేగం సమస్య లేదు నాయనా. నీ బొటనవేలికి సొంత ఇల్లు లేదు.

నువ్వు వాయిస్తానన్న మూడు పాటలూ చూడు. 'డస్ట్ ఇన్ ద విండ్'ను కెర్రీ లివ్‌గ్రెన్ మొదట వేళ్ల అభ్యాసంగానే వాయించుకునేవాడు. దాని అందమంతా ఒకే నమూనా మొదటి నుంచి చివరి దాకా తిరగడంలో ఉంది. చెయ్యి ఒకసారి తిరగడం మొదలుపెడితే ఎవరూ ఆలోచించక్కర్లేదు. 'బ్లాక్‌బర్డ్'లో బేస్, మెలొడీ చాలాచోట్ల చెయ్యి చెయ్యి పట్టుకుని కలిసి నడుస్తాయి. 'ఫ్రైట్ ట్రైన్'లో బొటనవేలు స్వతంత్రంగా ఉండాలి కానీ, నెమ్మది పాట కాబట్టి మోసం చేసినా బయటపడదు. (ఆ పాట కట్టిన ఎలిజబెత్ కాటెన్‌ది ఎడమచేతి వాటం. మామూలు గిటారునే తలకిందులుగా పట్టుకుని బేస్ వేళ్లతో, మెలొడీ బొటనవేలితో వాయించేది. మనం నేర్చుకునేదానికి సరిగ్గా తిరగేసి. అది గుర్తొచ్చినప్పుడల్లా నా ఫిర్యాదులు మూసుకుంటాను.)

నాదొక పరీక్ష ఉంది. 'ఫ్రైట్ ట్రైన్' వాయిస్తూ పక్కవాళ్లతో మాట్లాడు. వాళ్లడిగినదానికి బదులు చెప్పు. బొటనవేలు ఆగకపోతే నీ స్వతంత్రం నిజం. ఆగితే నువ్వింకా వేళ్లన్నిటినీ కలిపి ఒకే ముద్దగా గుర్తుపెట్టుకున్నావని అర్థం.

సగంపాటలు
చేశాను. "కాఫీ తాగుతావా" అన్నారు. "ఊ" అనేలోపే ఆగిపోయింది.

గోరు విరిగింది
😂😂 "ఊ"కే ఆగిపోయిందా!

బొటనవేలు బాబాయ్
నవ్వకమ్మా, నీకూ ఆగుతుంది, చేసి చూడు.

సరే, పీసుల సంగతి. నేనైతే ఈ వరసలో వెళ్తాను.

మొదట డేవీ గ్రాహమ్ 'యాంజీ'. బేస్ ఏ మైనర్ నుంచి జీ, ఎఫ్, ఈ మీదుగా మెట్లు దిగినట్టు దిగుతుంది. బొటనవేలికి బీటుకొక దెబ్బ, అంతకంటే పని లేదు. పైన మాత్రం హ్యామర్ ఆన్‌లు, పుల్ ఆఫ్‌లు (మళ్లీ మీటకుండా ఎడమచేతి వేలితో కొట్టి, లాగి పలికించే స్వరాలు), బీట్ల మధ్యలో పడే స్వరాలు. నీ జబ్బు ఏదో సరిగ్గా దానికే మందు. 1962లో విడుదలైంది. బెర్ట్ జాన్ష్ వాయించాడు, పాల్ సైమన్ వాయించాడు, ముగ్గురివీ వింటే ఒకే బేస్ మీద ఎన్ని రకాలుగా ఊగొచ్చో తెలుస్తుంది.

రెండోది జాన్ డి. లౌడర్‌మిల్క్ 'విండీ అండ్ వార్మ్'. చెట్ అట్కిన్స్ వాయించినది విను, డాక్ వాట్సన్ వాయించినదీ విను. ఇక్కడ బొటనవేలు రెండు తీగల మధ్య అటూ ఇటూ నడవాలి, పైగా అరచేతి అంచుతో బేస్ తీగలను బ్రిడ్జి (తీగలు గిటారు పెట్టెకు బిగించిన చోటు) దగ్గర కాస్త మూసి ఉంచాలి. మూసిన బేస్, తెరిచిన మెలొడీ. ఈ ఒక్క తేడా వినిపిస్తే ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. వినిపించకపోతే ఎంత బాగా వాయించినా గందరగోళమే. అరచెయ్యి రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిగితే తీగ చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే మోగిపోతుంది. నాకు ఆ చోటు దొరకడానికి నెల పట్టింది.

మూడోది మెర్ల్ ట్రావిస్ 'కానన్‌బాల్ రాగ్'. ఇది నిజంగా కష్టం. దీని గురించి రెండోది వచ్చాక మాట్లాడదాం.

ముసలి కాపో
బాబాయ్ ట్రావిస్ పేరెత్తాడు కాబట్టి ఒక పిట్టకథ. ట్రావిస్ ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితోనే వాయించేవాడు. అతన్ని రేడియోలో విన్న కుర్ర చెట్ అట్కిన్స్, ఇంత మోత రావాలంటే ఇంకా వేళ్లు వాడుతుండాలి అనుకుని, బొటనవేలికి తోడు రెండు మూడు వేళ్లతో సాధన చేశాడు. పొరపాటు పడి ఇంకో బాణీయే పుట్టించాడు. అందుకే ఎవరి వీడియో అయినా ముందు కళ్లు మూసుకుని వినండి, తర్వాత చూడండి.

గోరు విరిగింది
బాబాయ్ గారి వరస మొత్తం అమెరికన్ బొటనవేలి బాణీయే. అందరికీ అదే రాజమార్గమా? నాకు ఆ ఊగే బేస్ పది నిమిషాలకు మించి వినబుద్ధి కాదు. నేను బాఖ్ ఈ మైనర్ బూరేతో (బూరే అంటే ఒక నాట్య బాణీ) నేర్చుకున్నాను, బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 996లోది. మొత్తం 24 బార్లు. కింద ఒక గొంతు, పైన ఒక గొంతు, రెండూ వేటికవే పాటలు. బొటనవేలు అక్కడ గడియారం కాదు, గాయకుడు. పైగా సగంపాటలు ఇప్పటికే 'బ్లాక్‌బర్డ్' వాయిస్తున్నారు. ఆ పాటకు ఈ బూరేయే ప్రేరణ అని మెక్‌కార్ట్‌నీయే చెప్పాడు, కాబట్టి ఇల్లు కొత్తదైనా వీధి తెలిసినదే.

ఇంకో లాభం ఏంటంటే, ఒక పేజీ. చిన్నది కాబట్టి పూర్తవుతుంది. పదకొండు సగాలు ఉన్న మనిషికి ముందు కావాల్సింది ఒక పూర్తి.

బొటనవేలు బాబాయ్
చివరి మాటకు ఒప్పుకుంటున్నాను, దణ్ణం పెట్టి మరీ. కానీ బూరేలో బేస్ కూడా మెలొడీతో పాటు కదులుతుంది కాబట్టి బుర్ర రెండిటినీ కలిపే గుర్తుపెట్టుకుంటుంది. అతనికి కావాల్సింది బుర్రతో పని లేకుండా నడిచే బొటనవేలు. ఈ రెండూ వేరు. రెండూ కావాలి, ఏది ముందన్నదే ప్రశ్న.

గోరు విరిగింది
దీని మీద మనిద్దరం తెల్లవార్లూ వాదించుకోవచ్చు. నేను తగ్గను.

కొత్తగా_వచ్చా
మధ్యలో దూరుతున్నందుకు సారీ. తారేగా 'రెకుయెర్దోస్ దె లా అల్హాంబ్రా' స్టీల్ తీగల మీద వాయించొచ్చా? ట్రెమొలో (ఒకే స్వరాన్ని వేళ్లతో గబగబా మీటడం) అంటే నాకు పిచ్చి.

గోరు విరిగింది
వాయించొచ్చు కానీ కష్టం రెట్టింపు. బొటనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు, ఈ వరసలో తిరగాలి. చివరి మూడూ ఒకే తీగను మీటాలి. క్లాసికల్ గిటారు మెడ నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర దాదాపు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, స్టీల్ గిటార్లలో చాలావాటికి 43 నుంచి 44.5. తీగల మధ్య చోటు తక్కువ కాబట్టి పక్క తీగకు తగులుతుంది. పైగా స్టీల్ తీగ గోరును ఆకురాయిలా అరగదీస్తుంది. నా పేరు చూశారుగా. ట్రెమొలో ముందు నైలాన్ మీద నేర్చుకోండి.

డాడ్‌గాడ్ పిచ్చోడు
అందరూ నన్ను మర్చిపోయారు. సరే, నా తప్పు ఒప్పుకుంటా: నాకు 'ఫ్రైట్ ట్రైన్' రాదు. ముసలి కాపో గారు ఆ మాట అన్నాక నిన్న రాత్రి ప్రయత్నించా. ఎనిమిది బార్లకు చెమటలు పట్టాయి. అవమానంగా ఉంది.

కానీ ఒక మాట. శ్రుతి మార్చిన పీసులు వద్దనకండి. డాడ్‌గాడ్ అంటే ఆరో తీగ, రెండో తీగ, మొదటి తీగ ఒక్కో టోన్ దించడమే. దాంతో ఎడమచేతికి పని తగ్గి, అన్నీ మోగుతూ ఉంటాయి. ఎడమచెయ్యి బలహీనంగా ఉన్నవాళ్లకు కుడిచెయ్యి మీద దృష్టి పెట్టడానికి అంతకంటే మంచి దారి లేదు.

ముసలి కాపో
ఇది మంచి మాట. డాడ్‌గాడ్ కష్టం ఇంకోచోట ఉంటుంది, నీకు తెలిసిన కార్డులన్నీ మాయమైపోతాయి. ఇక మైకేల్ హెడ్జెస్ 'ఏరియల్ బౌండరీస్' (1984) లాంటి వాటికి వెళ్తే శ్రుతి సీ సీ డీ జీ ఏ డీ. అక్కడ తీగ మందం కూడా సమస్యే. 12 సెట్ (కాస్త సన్నని తీగలు) వేసుకుని ఆరో తీగను సీ దాకా దించితే అది తాడులా వదులై ఫ్రెట్ల మీద గలగలమంటుంది. ఇంకాస్త మందమైన 13 సెట్ వేస్తే నయం. కానీ అది వేసుకున్నాక మళ్లీ మామూలు శ్రుతికి వస్తే ఎడమచెయ్యి తిట్టుకుంటుంది. నేను రెండో గిటారు కొనడానికి ఇంట్లో చెప్పిన కారణం ఇదే. నమ్మలేదు.

తీగలక్క
అందరూ పీసుల పేర్లే చెప్తున్నారు. ఎంచుకునే ముందు అరగంటలో తేల్చుకునే పద్ధతి నేను చెప్తాను. నాకు సంగీతం నేర్పిన ఒక పెద్దాయన దగ్గర అబ్బింది.

మొత్తం వినండి. అన్నిటికంటే భయంగా అనిపించిన నాలుగు బార్లు ఏరండి. మొదటి నుంచి మొదలుపెట్టొద్దు, ఆ నాలుగే తీసుకోండి. ఎంత నెమ్మదైనా సరే, మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం)తో, తప్పు లేకుండా, మూడుసార్లు వరసగా వస్తుందా? అరగంటలో ఏదో ఒక వేగంలో వస్తే ఆ పీస్ మీదే, మిగతాది ఓపిక. ఏ వేగంలోనూ రాకపోతే అందులో మీకు తెలియని విద్య ఏదో ఉంది. అప్పుడు ఆ పీస్ పక్కన పెట్టి, ఆ విద్య ఒక్కటే ఉన్న చిన్న పీస్ వెతకండి.

మనం చేసేది దీనికి తిరగేసి కదా. మొదటి పేజీ తియ్యగా ఉంటుంది, వారంలో వచ్చేస్తుంది, సంబరపడతాం. మూడో పేజీలో కొరకరాని కొయ్య ఎదురవుతుంది. అప్పటికి రెండు నెలలు పోయాయి. సగంపాటల పదకొండు సగాలూ మొదటి సగాలే అయ్యుంటాయి, పందెం.

సగంపాటలు
అక్కా, పదకొండుకు పదకొండూ.

తీగలక్క
'రెయిన్‌బో' ముందు భాగం మూడు రోజుల్లో వదిలేశారు కదా, దాన్నే చూద్దాం. ఎడమచేత్తో ఐదో ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టారనుకోండి. కుడి చూపుడువేలు సరిగ్గా 12 ఫ్రెట్లు పైన, అంటే 17వ ఫ్రెట్ కడ్డీ మీద తీగను తాకుతుంది, నొక్కదు. బొటనవేలు అదే తీగను మీటుతుంది, గంటలాంటి స్వరం వస్తుంది. వెంటనే ఉంగరపు వేలు ఇంకో తీగను మామూలుగా మీటుతుంది. ఆరో తీగ గంటలా, మూడో తీగ మామూలుగా, ఐదోది గంటలా, రెండోది మామూలుగా, నాలుగోది గంటలా, మొదటిది మామూలుగా. ఇంతే. దీనికి ఏ పాటా అక్కర్లేదు. రోజుకు ఐదు నిమిషాలు ఒకే కార్డు మీద చేస్తే నెలకు అబ్బుతుంది. మీరు పాటలోకి దూకి దీన్ని నేర్చుకోబోయారు. నేల విడిచి సాము.

కొత్తగా_వచ్చా
ట్యాబ్‌లు (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసిన కాగితాలు) ఎక్కడ దొరుకుతాయి? ఒక్కో పాటకు పది రకాలు కనిపిస్తున్నాయి.

ముసలి కాపో
వాయించినవాళ్లే అమ్మే ట్యాబ్ ఉంటే కొను. లేకపోతే పది ట్యాబ్‌లూ పక్కన పెట్టి వీడియోను సగం వేగంలో పెట్టి విను. ట్యాబ్ ఏ ఫ్రెట్ నొక్కాలో చెప్తుంది. ఏ వేలితో మీటాలో చాలా ట్యాబ్‌లు చెప్పవు. ఫింగర్‌స్టైల్‌లో సగం కష్టం అదే.

గోరు విరిగింది
ఒక హెచ్చరిక. సగంపాటలు రోజుకు ఎంతసేపు వాయిస్తున్నారో చెప్పలేదు. వేగం రావడం లేదని బలంగా కొట్టడం మొదలుపెడతాం, నేనూ అదే చేశాను. బొటనవేలి మొదట్లో నొప్పి మొదలై ఆరు వారాలు గిటారు ముట్టుకోలేదు. గిటారిస్టు లియో కొట్కే అంతటివాడికే, ఫింగర్‌పిక్‌లతో (వేళ్లకు తొడుక్కునే మీటుళ్లతో) బలంగా వాయించీ వాయించీ చేతి నరాలు దెబ్బతిన్నాయి. పిక్‌లు వదిలేసి, తన కుడిచేతి పద్ధతి మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది. నొప్పి వస్తే ఆపండి. రేపు వాయించొచ్చు.

సగంపాటలు
(ఏడు వారాల తర్వాత)

ఈ పాత చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు క్షమించండి. 'క్లాసికల్ గ్యాస్' పెట్టెలో పెట్టేశాను. బాబాయ్ గారు చెప్పినట్టు 'యాంజీ' తీసుకున్నాను, అక్క చెప్పినట్టు భయపెట్టిన నాలుగు బార్లతో మొదలుపెట్టాను. మొదటి వారం మొత్తం బేస్ ఒక్కటే వాయించాను. ఇంట్లోవాళ్లు "ఇంకా పాట మొదలవ్వలేదా" అని అడిగారు. రెండో వారం బేస్ మీద ఒక్క స్వరం కలిపాను. నాలుగో వారానికి మొత్తం వచ్చింది. అసలు వేగంలో దాదాపు ఎనభై శాతం. పన్నెండోది సగం కాలేదు.

నిన్న బాబాయ్ పరీక్ష మళ్లీ పెట్టుకున్నాను. "కాఫీ తాగుతావా" అన్నారు. "తాగుతా, చక్కెర తగ్గించు" అన్నాను, బొటనవేలు నడుస్తూనే ఉంది. తర్వాత "ఎన్ని చెంచాలు" అన్నారు. లెక్క అనేసరికి ఆగిపోయింది.

'విండీ అండ్ వార్మ్' మొదలుపెట్టాను. బేస్ మూయడం అసలు కుదరడం లేదు. ఒక తీగ చచ్చిపోతోంది, ఇంకోటి మోగిపోతోంది.

బొటనవేలు బాబాయ్
భేష్. లెక్కలు నాకూ కుదరవు, ఇంట్లో అడగొద్దని చెప్పి పెట్టాను.

అరచెయ్యి వంకరగా పెడుతున్నావేమో చూడు. బ్రిడ్జికి సమాంతరంగా కాకుండా ఏటవాలుగా ఉంటే ఆరో తీగ ఎక్కువ మూసుకుని నాలుగోది మోగుతుంది. బేస్ ఒక్కటే నాలుగు బార్లు రికార్డు చేసి పెట్టు, వింటాను.

డాడ్‌గాడ్ పిచ్చోడు
నాదీ పెడతా. 'ఫ్రైట్ ట్రైన్', పదహారు బార్లు. నవ్వొద్దు.